ఎడమ తలుపు అద్దం ఎప్పుడు మారింది?

పాత అంబాసిడర్ తలుపు అద్దం పగిలితే బియ్యపు నూకల్లా రాలిపోవాలి. బల్మూర్‌లో మా మేనమామ కారుకు అలా జరగలేదు. వెనక ఎడమ తలుపును ఎవరో గట్టిగా వేశారు. సగం దించి ఉన్న అద్దం పొడుగాటి ముక్కలుగా విరిగింది. అందులో ఒకటి సీటు రెక్సిన్‌ను చీల్చి స్పాంజిలోకి దిగబడింది. అప్పుడు ఆ సీట్లో ఎవరూ లేరు.

కారు 1973 నాటి మార్క్ టూ. మామ వాళ్ళ నాయన కొన్నది. "మా నాయిన కొన్నకాడికెల్లి ఈ బండికి ఒక్క అద్దం గూడ మారలే అల్లుడా" అని మామ ఏళ్ళుగా చెప్పే మాట. పాత బండ్ల మీద ప్రేమ ఉన్నవాళ్ళకు ఆ మాట విలువ తెలుసు. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మొదటి రూపంలోనే ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ప్లేటు ఇస్తారు. మామ ఆ దరఖాస్తు పెట్టాలని చూస్తున్నాడు. అద్దం మారినంత మాత్రాన ఆ అర్హత పోదు. కానీ మామకు పట్టుదల ఎక్కువ. నిజం ఏమిటో తేలాకే ఫైలు కదపాలన్నాడు. నాకూ ఆ నిజమే కావాలి, వేరే కారణానికి. తలుపులో ఏ రకం గాజు ఉందన్నది పక్కన కూర్చున్న మనిషి మెడకు సంబంధించిన విషయం.

మొదటి ఆధారం పగిలిన తీరే. కారు పక్క అద్దాలకు వాడేది టఫెన్డ్ గాజు. అది విరిగితే ఒక్కసారిగా మొద్దు అంచుల చిన్న పలుకులుగా రాలిపోతుంది. ఐరోపా దేశాల ప్రమాణంలో దీనికి లెక్కే ఉంది: అద్దాన్ని పగలగొట్టి, ఎక్కడైనా 5 సెంటీమీటర్ల చదరం గీస్తే అందులో కనీసం 40 పలుకులు ఉండాలి. మామ కారు సీట్లో దిగిన ముక్క ఒక్కటే ఆ చదరం కన్నా చాలా పెద్దది. అంటే ఇది కారు గాజు కాదు, ఇంటి కిటికీ గాజు. అప్పటికే ఎప్పుడో ఒకసారి అద్దం మారింది.

మామ ఒప్పుకోలేదు. "పాతదై పాతదై దాని బలం పోయుంటది" అన్నాడు. ఈ అనుమానం చాలామందికి ఉంటుంది గనక జవాబు చెప్పాలి. మామూలు వాతావరణంలో టఫెన్డ్ గాజు ఏళ్ళు గడిచినా తన లోపలి బిగువును కోల్పోదు. ఆ బిగువు సడలాలంటే మళ్ళీ కొన్ని వందల డిగ్రీల వేడి తగలాలి. బల్మూర్ ఎండ ఎంత మండినా ఆ పని చెయ్యలేదు.

రెండో ఆధారానికి పోలరైజ్డ్ చలువ అద్దాలు చాలు. పొద్దున సూర్యుడు ఒక పక్కన ఉన్నప్పుడు, ఆ దిక్కుకు అడ్డంగా ఉన్న నీలాకాశం కారు అద్దంలో నుంచి కనిపించేలా నిలబడి చూశాను. మిగిలిన మూడు తలుపుల అద్దాల్లో వరసగా మసక మచ్చలు తేలాయి. తల కాస్త పక్కకు వంచితే అవి చిక్కబడతాయి, ఇంకాస్త వంచితే పలచబడతాయి. కొలిమిలోంచి తీసిన గాజు మీద గాలి గొట్టాలు ఊదిన గుర్తులవి. ఒక్కో మచ్చ ఒక్కో గాలి ధార తగిలిన చోటు. విరిగిన ముక్కను అదే వెలుతురుకు ఎత్తి చూస్తే ఏ మచ్చా లేదు. పైగా ఆ మూడు అద్దాల మూలల్లో 'టఫెన్డ్' అన్న ముద్ర అరిగిపోయినా చదవగలిగేలా ఉంది. విరిగినదాని నాలుగు మూలలూ ఏరి తుడిచి చూశాను, ముద్ర లేదు.

ముద్ర సంగతి వచ్చింది గనక ఒక మాట. బ్రిటన్ ట్రిప్లెక్స్ కంపెనీ పాత అద్దాల మీద ఏడాదిని చుక్కతో చెప్పేవాళ్ళు. ఇంగ్లీషులో టఫెన్డ్ అన్న మాటకు తొమ్మిది అక్షరాలు. ఏ అక్షరం కింద చుక్క ఉంటే అది ఏడాదిలోని చివరి అంకె, చుక్క లేకపోతే సున్నా. మోరిస్, ఆస్టిన్ కార్లను బాగుచేసుకునేవాళ్ళు ఇప్పటికీ భూతద్దంతో ఆ చుక్క కోసం వెతుకుతారు. చిక్కల్లా అంకె పదేళ్ళకోసారి తిరిగి రావడమే. 1963 నాటిదో 1973 నాటిదో చెప్పడానికి ఇంకో సాక్ష్యం కావాలి. మామ కారు ముద్రల్లో చుక్కలు లేవు, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

మూడో ఆధారం తలుపు కడుపులో దొరికింది. ఈ కేసులో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. హ్యాండిల్ పిన్ను కొట్టి, లోపలి ప్యాడ్ ఊడదీసి, అద్దాన్ని ఎత్తే మెషిన్ బయటికి లాగాక తలుపు అడుగున చెయ్యి పెట్టి ఊడ్చాం. పైన కొత్తగా పడ్డ పొడుగు పెంకులు. వాటి కింద మట్టి, తుప్పు పొర. ఆ పొరలో కూరుకుపోయి గుప్పెడు గాజు పలుకులు, మొద్దు అంచులవి, మట్టి పట్టి గోధుమ రంగుకు తిరిగినవి. నీళ్ళు బయటికి పోయే రంధ్రాలను సగం మూసేసింది ఆ పలుకులే. ఒక తలుపులో రెండు పగుళ్ళు, ఒకదాని మీద ఒకటి. కింది పొర మొదటి అద్దానిది, పై పొర రెండోదానిది. మామ ఆ గుప్పెడు పలుకులను అరచేతిలో పోసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

అద్దం అడుగు అంచును పట్టుకునే ఇనుప చానెల్‌లో ఇంకో సాక్ష్యం ఉంది. మిగతా తలుపుల్లో అద్దానికీ చానెల్‌కూ మధ్య అచ్చు పోసిన రబ్బరు పట్టీ ఉంది. ఇక్కడ సైకిల్ ట్యూబు ముక్క మడిచి పెట్టారు. కంపెనీ చేసే పని కాదది. దారిలో, తొందరలో ఎవరో చేసిన పని. ఆ చేతికి నైపుణ్యం ఉంది, సామాను లేదు.

ఇక్కడ కాసేపు ఆగి, అదే కారు గాజు ఒకటి నూకలుగా, ఒకటి పెంకులుగా ఎందుకు విరుగుతుందో చెప్పాలి. మూడు వందల యాభై ఏళ్ళ పాటు పెద్ద పెద్దవాళ్ళను వేధించిన ప్రశ్న ఇది. 1660 ప్రాంతంలో రైన్ రాకుమారుడు రూపర్ట్ ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కు కొన్ని గాజు బొట్లు తెచ్చి ఇచ్చాడు. కరిగిన గాజును చన్నీళ్ళలో పడేస్తే వచ్చే బొట్లవి. ముందు గుండ్రని తల, వెనక సన్నని తోక. తలను సుత్తితో కొట్టినా పగలదు. తోకను వేలితో చిదిమితే మొత్తం బొట్టు పొడి అయిపోతుంది. రాజు వాటిని రాయల్ సొసైటీకి పంపాడు. రాబర్ట్ హుక్ 1665లో అచ్చయిన 'మైక్రోగ్రాఫియా'లో వాటి గురించి రాశాడు.

సంగతి ఇది. నీళ్ళలో పడగానే బొట్టు పైపొర గట్టిపడుతుంది. లోపల ఇంకా వేడి. ఆ లోపలిది నెమ్మదిగా చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది, కానీ పైపొర అప్పటికే గట్టిపడింది. దాంతో లోపలి గాజు పైపొరను తన వైపు లాగుతూ ఉంటుంది. పైపొర ఎప్పటికీ నొక్కుడులో, లోపలిది ఎప్పటికీ లాగుడులో ఉండిపోతాయి. గాజు పగలాలంటే పైన ఒక సన్న గీత తెరుచుకోవాలి. నొక్కుడులో ఉన్న పొర ఆ గీతను తెరుచుకోనివ్వదు. ఆ పొరను దాటి పగులు లోపలి లాగుడులోకి చేరిందా, ఇక ఆపేవాళ్ళు లేరు. చీలి, మళ్ళీ చీలి మొత్తం గాజును తినేస్తుంది. 1994లో పర్డ్యూ యూనివర్సిటీకి చెందిన శ్రీనివాసన్ చంద్రశేఖర్, కేంబ్రిడ్జికి చెందిన మునావర్ చౌధరి అతివేగపు కెమెరాలతో ఆ పగులు పరుగును పట్టుకున్నారు: సెకనుకు దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. తల ఎందుకంత గట్టిదో 2016లో ఎస్టోనియాలోని టాలిన్ పరిశోధకులతో కలిసి లెక్క తేల్చారు. బొట్టు పైపొరలో నొక్కుడు 700 మెగాపాస్కల్స్ దాకా ఉంది. మామూలు గాలి ఒత్తిడికి ఇది దాదాపు ఏడు వేల రెట్లు.

కారు తలుపు అద్దం ఆ బొట్టునే పలకగా సాగదీసినట్టు. 1874లో ఫ్రాన్సులో రోయర్ డి లా బాస్టీ వేడి గాజును నూనెలో ముంచి గట్టిపరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత నూనె పోయి గాలి వచ్చింది. గాజును 600 డిగ్రీలు దాటించి, రెండు పక్కల నుంచీ చల్లగాలిని ఒక్కసారిగా ఊదుతారు. పాతకాలంలో పలకను పటకారలతో వేలాడదీసి కొలిమిలోకి దించేవాళ్ళు. ఆ పటకారలు పట్టిన చోట అంచు పక్కన చిన్న నొక్కులు పడతాయి. మామ కారు వెనక కుడి తలుపు అద్దాన్ని విప్పినప్పుడు, చానెల్‌లో దాగిన అంచు దగ్గర ఆ నొక్కులు వేలికి తగిలాయి. ఇప్పటి ఫ్యాక్టరీల్లో గాజు రోలర్ల మీద పడుకుని పోతుంది, ఆ గుర్తులు పడవు. కాబట్టి కుడి అద్దం పాతదే. మామ మాటలో మూడొంతులు నిజమే.

ఈ బిగువు వల్లే ఇంకో చిక్కు వస్తుంది. ఇదే మన కేసుకు తాళంచెవి. టఫెన్డ్ గాజును ఒకసారి తయారయ్యాక కొయ్యలేరు. వజ్రపు కొన పెట్టి గీసి విరిచినా, అంచు అరగదీసినా అది నూకలైపోతుంది. మొదట కొలతకు కోసి, అంచులు నున్నగా చేసి, తర్వాతే కొలిమికి పంపాలి. ఊళ్ళో గాజు దుకాణం ఎంత మంచిదైనా, ఇంకో కారు అద్దాన్ని తెచ్చి దీనికి సరిపోయేలా కోసివ్వలేదు. అప్పటికప్పుడు కోసివ్వగలిగింది ఇంటి గాజునే. ఎవరో ఆపదలో అదే చేశారు. ఎవరు, ఎప్పుడు?

కాలం తేల్చే మొదటి సాక్ష్యం గాజు పలకలోనే ఉంది. రాత్రి ట్యూబ్‌లైటు కింద మంచి అద్దాలను ఏటవాలుగా పట్టి చూస్తే లైటు నీడ సన్నగా అలలు తిరిగింది. విరిగిన ముక్కలో ఆ నీడ గీత గీసినట్టు తిన్నగా ఉంది. పాత షీటు గాజును కరిగిన కుండంలోంచి పైకి లాగి తీసేవాళ్ళు. బెల్జియం వాడైన ఫూర్కో ఇరవయ్యో శతాబ్ది మొదట్లో నిలబెట్టిన పద్ధతి అది. ఆ లాగుడులో పడ్డ చారలు పోవు. తిన్నని నీడ ఇచ్చేది ఫ్లోట్ గాజు. ఇంగ్లండులోని సెయింట్ హెలెన్స్‌లో అలాస్టెయిర్ పిల్కింగ్టన్ 1952లో ఆలోచన మొదలుపెట్టి, ఏడేళ్ళు తంటాలు పడి 1959లో లోకానికి ప్రకటించాడు. వెయ్యి డిగ్రీల గాజును కరిగిన తగరం మీద పోస్తారు. అది తగరం మీద తేలుతూ తనంతట తానే సమంగా పరుచుకుంటుంది. తగరం తాకిన పక్కన ఆ లోహపు ఆనవాలు గాజులో ఉండిపోతుంది. తక్కువ తరంగదైర్ఘ్యపు అతినీలలోహిత దీపం కింద ఆ పక్క పాలరంగులో వెలుగుతుంది. ఖనిజాలు పరీక్షించే ఒక మిత్రుడి దీపం తెచ్చి చూశాం. నోట్లు చూసే దీపాలు ఈ పనికి అంతగా పనికిరావు, ఈ దీపానికేమో కళ్ళకు రక్షణ తప్పనిసరి. పెంకుకు ఒక పక్క వెలిగింది, రెండో పక్క వెలగలేదు. కుడి తలుపు అద్దం రెండు పక్కలా చీకటే.

మన దేశంలో ఫ్లోట్ గాజు తయారీ ఆలస్యంగా వచ్చింది. గుజరాత్‌లో అంకలేశ్వర్ దగ్గరి గుజరాత్ గార్డియన్ ఫ్యాక్టరీ 1993లో మొదలైంది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెన్ ప్లాంటు 2000లో వచ్చింది. పాలమూరు జిల్లా ఊళ్ళలో కిటికీకి కోసిచ్చే గాజు ఫ్లోట్ గాజు కావడం ఆ తర్వాతి మాట. కాబట్టి ఎడమ తలుపులోకి ఈ ముక్క వచ్చింది 1993 తర్వాతే.

   

కాలానికి రెండో కొస మామ నోటినుంచే వచ్చింది. నాలుగు తలుపుల అద్దాల అంచుల్లోనూ, విరిగిన పెంకుల మీద కూడా, ఎండిన జిగురు చారలున్నాయి. నల్ల ఫిల్ము అతికించిన గుర్తులు. "ఇది ఎవరు పీకిండ్రు మామా?" అని అడిగితే, "నేనే. కోర్టు తీర్పొచ్చినప్పుడు బ్లేడు వెట్టి నాలుగు అద్దాలూ గీకిన" అన్నాడు. ఆ తీర్పు అందరికీ గుర్తే. అవిషేక్ గోయెంకా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న చెప్పింది, మే 4 నుంచి కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు కూడదని. అంటే 2012 నాటికే ఈ ఇంటి గాజు తలుపులో ఉంది. 1993కూ 2012కూ మధ్య ఎప్పుడో.

పంతొమ్మిదేళ్ళ సందు. దాన్ని మూసింది అత్తమ్మ.

ఆమె ఇంతసేపూ వాకిట్లో పని చేసుకుంటూ వింటోంది. "పుష్కరాలకు పోయినప్పుడు పలిగింది గద. పిల్లల నెత్తిల నిండ గాజు పలుకులు. దువ్వెనతోని దువ్వి తీసిన. ఒక్కరికి గూడ గాయం గాలే" అంది. మామ తెల్లమొహం వేశాడు. ఆయనకు గుర్తే లేదు. "ఏ పుష్కరాలు అత్తమ్మా?" అని అడిగితే, కృష్ణ పుష్కరాలు, బీచుపల్లి దగ్గర మునిగినం అంది. ఏ ఏడో చెప్పలేకపోయింది. కృష్ణకు పుష్కరాలు బృహస్పతి కన్యారాశిలోకి వచ్చినప్పుడు, పన్నెండేళ్ళకోసారి. ఈ కారు బతికిన కాలంలో నాలుగుసార్లు: 1980, 1992, 2004, 2016. మొదటి రెండింటినీ గాజులోని తగరం కొట్టేసింది. చివరిదాన్ని జిగురు కొట్టేసింది. మిగిలింది 2004 నాటి పుష్కరాలే.

ఇక తక్కినది అదే దారికొచ్చింది. బల్మూర్ నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా పెబ్బేరు, అక్కణ్ణుంచి హైవే మీద బీచుపల్లి. ఇప్పుడైతే మూడు జిల్లాలు, అప్పుడు అంతా మహబూబ్‌నగరే. తిరుగు దారిలో లారీ టైరు కింది రాయి ఎగిరి తగిలిందని అత్తమ్మ చెప్పింది. వాన మబ్బు, కారు నిండా పిల్లలు, చీకటి పడబోతోంది. పెబ్బేరులో దుకాణం పిల్లవాడు తలుపు విప్పి, కొలత తీసి, గాజు కోసి, సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించి పంపాడట. ఆ సాయంత్రం అంతకన్నా మంచి పని ఇంకొకటి లేదు. తర్వాత మార్చుకోవాల్సింది. బండి నడుస్తోంది, అద్దం ఎక్కుతోంది దిగుతోంది. మరుగున పడిపోయింది. చూడ్డానికి రెండు గాజులూ ఒకేలా ఉంటాయి, కొలతకు కాస్త పలచన, అంతే. పాత కార్లలో ఇలాంటి అద్దాలు ఎన్నో ఉన్నాయని నా గట్టి నమ్మకం. పాత బండి ఉన్నవాళ్ళంతా వచ్చే ఆదివారం చలువ అద్దాలు పెట్టుకుని నాలుగు తలుపులూ ఒకసారి చూసుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను. 2004లో మొదటి అద్దం పగిలినప్పుడు పిల్లలకు దువ్వెన చాలింది. రెండోది పిల్లలు కూర్చున్నప్పుడు పగిలి ఉంటే దువ్వెన సరిపోయేది కాదు.

కొత్త అద్దం సంగతి. అంబాసిడర్ తలుపు అద్దాలు వంపు లేని పలకలు. ఇది పెద్ద అదృష్టం. కుడి తలుపు అద్దాన్ని విప్పి అట్ట మీద గీసి, ఆ అట్టను తిరగేస్తే ఎడమది వస్తుంది. దాన్ని నేరుగా గాజు ఫ్యాక్టరీకి పంపకూడదు. ముందు అదే మందం ప్లైవుడ్‌తో ఒక నకలు కోయించి, చానెల్‌లో బిగించి, హ్యాండిల్ తిప్పి పైకి కిందికి నడిపించాం. ఒక మూల బీడింగ్‌కు పట్టింది, చెక్కను అక్కడ కాస్త చెక్కాం. గాజు కొలిమి నుంచి వచ్చాక ఇక చెక్కే వీలుండదు గనక సవరణలన్నీ చెక్కలోనే అయిపోవాలి. ఆ చెక్క నకలే హైదరాబాద్‌లో టఫెనింగ్ చేసేవాళ్ళకు ఇచ్చాం. అడిగినవి మూడు: అంచులన్నీ నున్నగా రుద్దాలి, మందం కుడి అద్దానికి సమానంగా ఉండాలి, వాహనాల గాజుకు ఐఎస్ 2553 రెండో భాగం ప్రకారం మూలన ముద్ర ఉండాలి. రంగు వద్దన్నాం. పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు పోవాలన్నది నియమం, తెల్ల గాజుకు ఆ బాధే లేదు.

ఇంకో దారీ ఉంది. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న ల్యామినేటెడ్ గాజు. 1903లో ఫ్రెంచి రసాయనవేత్త ఎడ్వర్డ్ బెనెడిక్టస్ చేతిలోంచి జారిపడ్డ సీసా పగిలినా చెదరకపోవడం చూసి ఆయనకు తట్టిందని చెప్పే గాజు. 1909లో పేటెంటు. బద్దలైనా ముక్కలు పొరను అంటుకునే ఉంటాయి, పలకగా ఉన్నదాన్ని తర్వాత కూడా కోయవచ్చు. దూరపు ఊరివాళ్ళకు, ఫ్యాక్టరీ అందుబాటులో లేనివాళ్ళకు ఇది మంచి మార్గం. మామ మాత్రం మొదట ఏది ఉందో అదే కావాలన్నాడు.

అద్దం వచ్చాక తలుపు అడుగు రంధ్రాలు పొడిచి శుభ్రం చేశాం, తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ పూశాం, చానెల్‌లో సైకిల్ ట్యూబు తీసేసి కొత్త రబ్బరు పట్టీ వేశాం. బిగించే ముందు మామ చలువ అద్దాలు తానే అడిగి తీసుకుని, కొత్త గాజును ఆకాశానికి ఎత్తి పట్టుకుని మచ్చలు వెతికాడు. ఉన్నాయి. తర్వాత బండి ఫైలు తెప్పించి, వాళ్ళ నాయన రాసిన పాత సర్వీసు పట్టీ కింద తన చేత్తో రాశాడు: వెనక ఎడమ అద్దం 2004 పుష్కరాలల్ల పలిగింది, పెబ్బేర్ల మామూలు గాజు వేసినం, ఇప్పుడు టఫెన్డ్ వేసినం. దాని కింద అత్తమ్మ పేరు సాక్షిగా రాశాడు.